సుబ్బిశెట్టి సీను ఎవరు రాశారు?

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘చింతామణి’ నాటక ప్రదర్శనలను రాష్ట్రమంతటా నిషేధించింది. ఆర్యవైశ్య సంఘాలు చాలా ఏళ్లుగా చేస్తూ వచ్చిన ఫిర్యాదు మీద తీసుకున్న నిర్ణయం అది. అందులోని సుబ్బిశెట్టి అనే వైశ్య వ్యాపారి పాత్రను అడ్డం పెట్టుకుని ఊరూరా తమ కులాన్ని ఎగతాళి చేస్తున్నారన్నది వారి బాధ. వందేళ్ల నాటకాన్ని ఒక్క జీవోతో ఆపేసి మా పొట్ట కొడతారా అన్నది కళాకారుల బాధ. రెండిటిలోనూ నిజముంది. కొన్నాళ్లు ఆందోళనలు జరిగాయి, విషయం హైకోర్టుకూ వెళ్లింది, టీవీల్లో చర్చలు నడిచాయి. ఇంత గొడవలో తేలకుండా పోయిన సంగతి ఒకటుంది: కుర్రకారు ఈలలు వేసే ఆ సుబ్బిశెట్టి సీను అసలు ఎవరు రాశారు?

కాళ్లకూరి నారాయణరావు మాత్రం రాయలేదు. 1920 ప్రాంతంలో ఆయన రాసిన నాటకంలో సుబ్బిశెట్టి హాస్యపాత్రే. చింతామణి అనే వేశ్య మోజులో పడి ఆస్తి హారతి కర్పూరం చేసుకునే వ్యాపారి. అయితే ఆ గుమ్మం తొక్కి చెడేది అతనొక్కడే కాదు. బిల్వమంగళుడు బ్రాహ్మణుడు, చదువుకున్నవాడు, పెళ్లయినవాడు. అతని పతనం సుబ్బిశెట్టి పతనం కంటే ఘోరం. డబ్బూ చదువూ కులమూ ఏవీ మనిషిని ఆ వ్యామోహం నుంచి కాపాడలేవని చెప్పడం రచయిత ఉద్దేశం. చివరికి చింతామణే దారి మార్చుకుని కృష్ణభక్తిలో పడుతుంది. కట్నాల మీద ‘వరవిక్రయం’, తాగుడు మీద ‘మధుసేవ’ రాసింది కూడా ఈయనే. తన కాలంలో ఇళ్లు కూలుస్తున్న జాడ్యాలను ఒక్కొక్కటిగా తెచ్చి వేదిక మీద నిలబెట్టిన మనిషి. కళాకారుడికి సమాజం పట్ల బాధ్యత ఉందా అని ఆయన్ను అడిగితే, లేకపోతే రాయడమెందుకు అని ఉండేవాడేమో.

అలాంటి నాటకం ఇలా ఎలా అయింది? పద్యనాటకాల సంగతి తెలిసినవారికి ఇదేమీ పెద్ద రహస్యం కాదు. జాతరకో శ్రీరామనవమికో ఊళ్లో నాటకం పెట్టించాలంటే కాంట్రాక్టరు దగ్గరకు వెళతారు. అతను ఆర్టిస్టులను సీన్ల లెక్కన మాట్లాడుకుంటాడు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు హరిశ్చంద్రులు కనిపించేది అందుకే. రిహార్సల్ ఉండదు, దర్శకుడు ఉండడు. ఎవరి సీను వారిది, ఎవరి చప్పట్లు వారివి. సుబ్బిశెట్టి దిగేసరికి అర్ధరాత్రి దాటుతుంది. అప్పటికే చాలామంది ఆడవాళ్లు నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. ముందు వరసలోని కుర్రాళ్లు చాపల మీద ఇంకాస్త ముందుకు జరిగి సెల్‌ఫోన్లు పైకెత్తుతారు. పుస్తకంలో లేని సంభాషణ మొదలవుతుంది. ఒక మాటకు ఈల పడితే రెండో మాట ఇంకో మెట్టు దిగుతుంది. మధ్యలో చదివింపులు, మైకులో దాతల పేర్లు, మళ్లీ అదే మాట. ఒక్కోచోట ఈ తంతు గంట దాటుతుంది. ఇలా ఏళ్ల తరబడి, ఒక నటుడి మీద పోటీకి ఇంకో నటుడు మాటలు చేర్చుకుంటూ పోగా తయారైన సీను ఇది. రాసినవాడి పేరంటూ లేదు కాబట్టి జవాబు చెప్పేవాడూ లేడు.

మూలంలో లేనిది చేర్చడమే తప్పని అనడం లేదు. తెలుగు పద్యనాటకానికి ప్రాణం పోసిన చేర్పులు ఉన్నాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను రాగానే జనం ఎదురుచూసే పద్యాలు బలిజేపల్లివి కావు, గుర్రం జాషువావి. శ్మశానం మీద ఆయన విడిగా రాసిన ఖండకావ్యంలోని పద్యాలను నటులే తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. కవి కలమూ రాజు ముద్రికా ఒకే బూడిదలో కలిసిపోతాయని, అక్కడ ఎక్కువ తక్కువలు లేవని చెప్పే ఆ పద్యాలను అంటరానితనం అనుభవించిన కవి రాశాడు. ఆయనను పక్కన కూర్చోనివ్వని ఊళ్లు కూడా అర్ధరాత్రి ఆ పద్యాలకు వన్స్‌మోర్ కొట్టాయి. ఇవాళ అవి లేని కాటిసీనును ఊహించుకోలేం. ఇదీ నటుల చేర్పే, సుబ్బిశెట్టి సీనూ నటుల చేర్పే. స్వేచ్ఛ ఒకటే, వాడుకున్న తీరు వేరు. అందుకే బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు రచయిత ఎంత గొప్ప ఉద్దేశంతో రాశాడన్నది మేము రెండో ప్రశ్నగానే చూస్తాం. ఆ రాత్రి ఆ మైకు ముందు నిలబడ్డ మనిషి ఏం మాట్లాడాడన్నదే మొదటి ప్రశ్న.

జనం అడుగుతున్నారు, మేము చేస్తున్నాం. కళాకారుల నుంచి ఎప్పుడూ వచ్చే సమాధానం ఇది. ఇందులో అబద్ధం లేదు కానీ పూర్తి నిజమూ లేదు. స్థానం నరసింహారావు చింతామణి వేషం కట్టిన రోజుల్లోనూ జనం టిక్కెట్టు కొనుక్కునే వెళ్లారు. మగవాడై ఉండి చీర కట్టుకుని ఒక వేశ్య మనసులోని మెలికలను ఆయన చూపిస్తుంటే రెప్ప వేయకుండా చూశారు. 1956లో పద్మశ్రీ వచ్చింది కూడా అలాంటి స్త్రీ పాత్రలు కట్టిన ఆయనకే. అప్పటి ప్రేక్షకులు దేవతలూ కారు, ఇప్పటివారు రాక్షసులూ కారు. తేలికగా ఈల పడే చోటు తెలిసిపోయాక కష్టపడి చప్పట్లు సంపాదించే ఓపిక తగ్గింది, అంతే.

ఈ వ్యవహారంలో మమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టిన విషయం ఇంకొకటి. ఆ సీనులో సుబ్బిశెట్టికి ఎదురుగా ఇద్దరు ఆడవాళ్లు నిలబడి ఉంటారు, చింతామణీ ఆమె తల్లి శ్రీహరీ. ఆ బూతులన్నీ పడేది వాళ్ల మీద. వేషం కట్టిన నటి కూడా నవ్వుతూ, అవసరమైతే మాటకు మాట అందిస్తూ నిలబడాలి. లేకపోతే వచ్చే వారం కాంట్రాక్టరు ఫోన్ చేయడు. ఎవరో తీసిన వీడియో మర్నాటికి ఆమె పిల్లల ఫోన్లకూ చేరుతుంది. మాకు తెలిసి దీని మీద ఏ సంఘమూ వినతిపత్రం ఇవ్వలేదు. నిషేధం చుట్టూ నడిచిన చర్చంతా కులం పరువు గురించే, వేదిక మీది ఆడమనిషి పరువు ఊసే లేదు. కులానికి సంఘం ఉంది, ఓట్లున్నాయి. ఊళ్ల వెంట తిరిగే రంగస్థల నటికి అవేవీ లేవు.

ఇక ప్రభుత్వం చేసింది సబబా అంటే, కాదనే మా అభిప్రాయం. అభ్యంతరం ఒక సీను మీద, వేటు మొత్తం నాటకం మీద. నిషేధం విధించింది ప్రదర్శనల మీదే గానీ పుస్తకం మీద కాదు. అంటే కాళ్లకూరి రాసింది రాసినట్టు ఇంట్లో చదువుకోవచ్చు, అదే మాటలు వేదిక మీద పలకకూడదన్నారు. మరోవైపు అసలు గొడవకు కారణమైన సీన్లు యూట్యూబ్‌లో హాయిగా ఆడుతున్నాయి. బూతు మిగిలింది, నాటకం ఆగింది! నిరసనలు జరుగుతాయన్న భయంతో భావప్రకటనను అణచివేయడం కుదరదని ఒక సినిమా మీద వచ్చిన రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. పైగా నిషేధం అలవాటైన ప్రభుత్వం బూతు దగ్గరే ఆగుతుందన్న భరోసా ఏముంది? సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ నాటకాన్ని ఒకనాటి మద్రాసు ప్రభుత్వం ఆపింది. అందులో బూతు లేదు, భూమి కోసం పోరాడుతున్న తెలంగాణ రైతులున్నారు. బుర్రకథ కళాకారుడు నాజర్‌కూ ఆ రోజుల్లో పోలీసుల బెడద తప్పలేదు.

బాధ్యత అంటే ప్రభుత్వాలకు తెలిసిన రెండో అర్థం ప్రచారం. 2024 జులైలో తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి సినిమావాళ్లకు ఒక షరతు పెట్టారు. టిక్కెట్ల రేట్లు పెంచమని అడగడానికి వచ్చేవారు డ్రగ్స్ మీద, సైబర్ నేరాల మీద ఒక చిన్న వీడియో చేసి తీసుకురావాలన్నారు. ఉద్దేశం మంచిదే, హీరో చెబితే వినేవాళ్లూ ఉంటారు. కానీ రెండు నిమిషాల వీడియోతో బాకీ తీరిపోతుందంటే ఎవరు మాత్రం వద్దంటారు? మూడు గంటల సినిమాలో హీరో ఏం చేసినా పైన ఒక నీతి వాక్యం అతికిస్తే సరిపోతుంది, సిగరెట్ సీను కింద హెచ్చరిక వేసినట్టు. ఉద్యమకాలంలో ధూంధాం అనే ఆటపాటల సభలతో తెలంగాణను ఊపేసిన గొంతులను రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథి అనే ప్రభుత్వ సంస్థ పేరుతో కొలువులో పెట్టుకోవడాన్నీ ఈ సందర్భంలో తలచుకోవాలి. పేద కళాకారుడికి నెల జీతం రావడం సంతోషమే, దాన్ని తప్పుపట్టం. పథకాల మీద పాట కట్టే ఉద్యోగంలో ఉన్న గొంతు, ఆ పథకం అందని మనిషి గురించి పాడగలదా అన్నదే అనుమానం.

తెరమీద కథ కూడా సుబ్బిశెట్టి కథకు దూరమేమీ కాదు. పాటల్లో అసభ్యమైన స్టెప్పుల మీద 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినీ పరిశ్రమను హెచ్చరించాల్సి వచ్చింది. అక్కడా అదే సాకు, మాస్ అడుగుతున్నారని. స్టెప్పు వేసే అమ్మాయికి కాదనే వీలు ఎంత ఉంటుందో నాటకాల నటిని చూస్తే అర్థమవుతుంది. టీవీ కామెడీ షోలలో లావుగా ఉన్నవాడూ నల్లగా ఉన్నమ్మాయీ చీర కట్టిన మగవాడూ లేకుండా నవ్వు పుట్టించలేకపోవడం కూడా ఇదే రకం బద్ధకం.

అదే 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారంటూ మియాపూర్ పోలీసులు నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్లు కలిపి 25 మంది మీద కేసు పెట్టారు. ఎవరు దోషులో కోర్టులు తేలుస్తాయి. తర్వాత ఆగస్టులో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. వాటికి ప్రకటనల్లో కనిపిస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా. చట్టం వచ్చేదాకా ఆగాల్సిన విషయమా ఇది? కేసు పడ్డాక కొందరు, ఒప్పందం ఎప్పుడో ముగిసిపోయిందనీ అది నైపుణ్యానికి సంబంధించిన ఆట అనుకున్నామనీ వివరణ ఇచ్చారు. డిగ్రీ చదివే కుర్రాడు యాప్‌లో డబ్బులు పెట్టింది ఆటలో నైపుణ్యం చూసి కాదు, చెబుతున్న ముఖాన్ని చూసి. ఆ ముఖం మీద నమ్మకం సినిమాల వల్ల వచ్చింది. దాన్ని అమ్ముకునేటప్పుడు కొనేవాడెవడో కనుక్కోవాలి కదా.

మళ్లీ నాటకాల దగ్గరకు వస్తే, నిషేధం ఉన్నా లేకపోయినా చేయదగ్గ పనులున్నాయి. నాటక పరిషత్తులూ, నంది నాటకోత్సవాలు నిర్వహించే వారూ కాళ్లకూరి ప్రతిని దగ్గర పెట్టుకుని రాసినది రాసినట్టు చింతామణి ఆడించి చూపించాలి, ఆర్యవైశ్య సంఘాల పెద్దలను ముందు వరసలో కూర్చోబెట్టి మరీ. అప్పటికీ అభ్యంతరం ఉంటే ఏ మాట మీదో కూర్చుని మాట్లాడుకోవచ్చు. ప్రతికి కట్టుబడి ఆడతామన్న మాట కాంట్రాక్టర్ల నుంచి ఊరి కమిటీలే అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు రాయించుకోవాలి. నాటకానికి డబ్బు పెడుతున్నది ఊరు, అడిగే హక్కు ఊరికుంది. వేదిక మీద ఇష్టంలేని మాట పడినప్పుడు సీను ఆపి లోపలికి వెళ్లిపోయినా డబ్బులు పూర్తిగా ఇవ్వాలన్న నిబంధన నటీమణుల కోసం రంగస్థల కళాకారుల సంఘాలు పెట్టుకోవాలి. ఇందులో దేనికీ జీవో అక్కర్లేదు.