జార్జ్ వాలెస్‌కి అంతా తెలుసు

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్లను బళ్లలో, బస్సుల్లో, ఓట్ల జాబితాల్లో దూరం పెట్టిన సెగ్రిగేషన్ కాలం గురించి ఎక్కడ చదివినా అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్ ఫొటో ఒకటి తప్పకుండా ఉంటుంది. 1963 జూన్ 11న టస్కలూసాలో, నల్ల విద్యార్థులను చేరనివ్వనంటూ అలబామా యూనివర్సిటీ తలుపుకి అడ్డంగా నిలబడ్డ ఫొటో. నన్నడిగితే వాలెస్‌ అంటే ఏంటో అర్థమవ్వాలంటే అంతకు నాలుగేళ్లు వెనక్కి, అతను ఇంకా జడ్జిగా ఉన్న రోజుల్లోకి వెళ్లాలి.

బార్బర్ కౌంటీలోని క్లయో అనే చిన్న ఊళ్లో 1919లో పుట్టాడు. 1953 నుంచి 1959 దాకా సర్క్యూట్ జడ్జి. అలబామాలోనే సెల్మా అనే ఊళ్లో ప్రాక్టీసు చేసిన నల్లజాతి లాయర్ జె.ఎల్. చెస్ట్‌నట్, కోర్టులో తనను ‘మిస్టర్’ అని పిలిచిన మొదటి జడ్జి వాలెసేనని తర్వాత చెప్పాడు. నెరిసిన జుట్టున్న నల్లమనిషిని కూడా ‘బాయ్’ (కుర్రాడు) అని పిలిచే రోజులవి, అందుకే ఇది చిన్న విషయం కాదు. 1958లో గవర్నర్ పదవికి జరిగిన డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ఎన్నికలో, నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ మద్దతు వాలెస్‌కి, తెల్లజాతి ఆధిపత్యం కోసం హింసకు దిగే కూ క్లక్స్ క్లాన్ మద్దతు జాన్ ప్యాటర్సన్‌కి. ప్యాటర్సన్ గెలిచాడు. జాతి విషయంలో ఇకమీదట తనను ఎవరూ మించలేరని, చాలా నీచమైన మాట వాడి మరీ వాలెస్ అన్నాడంటారు. అనలేదని అతను తర్వాత చెప్పుకున్నాడు. అన్నా అనకపోయినా ఆ తర్వాత చేసింది మాత్రం అదే.

అసలు కథ ఇక్కడుంది. నల్లవాళ్లను ఓటర్లుగా నమోదు చేసుకోనివ్వడం లేదన్న ఫిర్యాదుల మీద కేంద్ర పౌరహక్కుల కమిషన్ బార్బర్, బుల్లక్ కౌంటీల రికార్డులు అడిగింది. జడ్జి వాలెస్ వాటిని తన స్వాధీనంలోకి తీసుకుని, ఎవరైనా వస్తే జైల్లో వేస్తానని ప్రకటించాడు. రికార్డులు ఇచ్చి తీరాలని ఫెడరల్ (కేంద్ర) కోర్టు జడ్జి ఫ్రాంక్ జాన్సన్ ఆదేశించాడు. ఇద్దరూ అలబామా లా కాలేజీలో కలిసి చదువుకున్న స్నేహితులు. వాలెస్ ఏం చేశాడంటే, బయట తల వంచనని చెబుతూనే, రికార్డులను స్థానిక పౌరులతో ఏర్పడే గ్రాండ్ జ్యూరీల చేతికిచ్చి వాళ్ల ద్వారా కమిషన్‌కి చేరేలా చూశాడు. దొడ్డిదారిన అయినా ఆదేశం పాటించాడు కాబట్టి కోర్టు ధిక్కారం కాదని 1959 జనవరిలో జాన్సన్ తేల్చేశాడు. వాలెస్ మాత్రం ఫెడరల్ ప్రభుత్వాన్ని ఎదిరించి గెలిచానని ఊరూరా చెప్పుకున్నాడు, 1962 ప్రచారంలో అదే జాన్సన్‌ని అబద్ధాలకోరని తిట్టి గవర్నర్ అయ్యాడు.

టస్కలూసాలోనూ అంతే. కెమెరాల ముందు ప్రకటన చదివాడు, రాష్ట్ర సైనిక దళమైన నేషనల్ గార్డ్ కేంద్రం చేతిలోకి వెళ్లాక పక్కకి తప్పుకున్నాడు, నల్లజాతి విద్యార్థులు వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ అదే రోజు అడ్మిషన్ తీసుకున్నారు. చట్టం ముందు తాను నిలబడలేనని జడ్జిగా పనిచేసిన మనిషికి తెలియదా? ఖచ్చితంగా తెలుసు. అది నాటకమని చూస్తున్న జనానికి తెలియదు, అక్కడే నాకు కోపం వస్తుంది. ఆ ఏడాది జనవరిలో ప్రమాణ స్వీకారం రోజున ‘సెగ్రిగేషన్ ఇప్పుడు, రేపు, ఎప్పటికీ’ అన్న ప్రసంగాన్ని అతనికి రాసిచ్చింది ఏసా కార్టర్ అనే క్లాన్ మనిషి. సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ల చర్చిలో క్లాన్ వాళ్లు పెట్టిన బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ఆ పిల్లల రక్తం నీ చేతులకే అంటిందని మార్టిన్ లూథర్ కింగ్ వాలెస్‌కి టెలిగ్రామ్ పంపాడు. 1965 మార్చిలో సెల్మా వంతెన మీద ఓటు హక్కు కోసం శాంతియుతంగా నడుస్తున్నవాళ్లను లాఠీలతో చితకబాదిన వాళ్లలో అతని రాష్ట్ర పోలీసులు ఉన్నారు. 1968లో అధ్యక్ష పదవికి పోటీ చేస్తే 5 రాష్ట్రాలు గెలిచాడు, దాదాపు కోటి ఓట్లు పడ్డాయి.

1972లో అతని మీద తుపాకీ కాల్పులు, ఆ తర్వాత చక్రాల కుర్చీ, 1979లో నల్లజాతి వాళ్ల చర్చికి వెళ్లి క్షమాపణ, 1982లో నల్లవాళ్ల ఓట్లతో కూడా మళ్లీ గవర్నర్. క్షమించినవాళ్లు గొప్పవాళ్లు, వాళ్ల నిర్ణయాన్ని ప్రశ్నించే హక్కు నాకు లేదు. కానీ దీన్ని ద్వేషం కరిగిపోయిన మనిషి కథగా రాసేవాళ్లతో ఒప్పుకోలేను. ద్వేషించేవాడు కనీసం తను నమ్మిందే చేస్తాడు. చెస్ట్‌నట్‌ని గౌరవంగా పిలిచిన మనిషి, తప్పని తెలిసీ ఓట్ల కోసం ఆ దారి పట్టాడు. ఇది ఇంకా పెద్ద నేరం.

ఆ కాలమే అలాంటిది అనేవాళ్లకు జాన్సన్‌ని చూపిస్తాను. మాంట్‌గోమరీ బస్సుల్లో సెగ్రిగేషన్ చెల్లదని 1956లో తీర్పిచ్చిన జడ్జిల్లో ఆయన ఒకడు, సెల్మా నుంచి మాంట్‌గోమరీకి పాదయాత్రను అనుమతించిందీ ఆయనే. దానికి ఆయన్ని బెదిరిస్తూ ఇంటి ముందు శిలువ తగలబెట్టారు, 1967లో వాళ్లమ్మ ఇంటి మీద బాంబు వేశారు. జాన్సన్‌ది జీవితకాలపు పదవి, ఆయనకి ఓట్ల అవసరం లేదు, నిజమే. మెత్తగా మాట్లాడి ఉంటే వాలెస్ 1962లో కూడా ఓడిపోయి ఉండేవాడేమో. ఓడిపోతే ఏమైంది, బార్బర్ కౌంటీలోని క్లేటన్‌లో లాయరుగా బతికేవాడు.