బోనులో తాగుడు

సామెతలో కోతి తనంతట తానే కల్లు తాగింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం బీవర్టన్‌లో ఉన్న ప్రైమేట్ (కోతి జాతి జంతువుల) పరిశోధన కేంద్రంలో మాత్రం, మనుషుల తాగుడు వ్యసనాన్ని అర్థం చేసుకోవడానికి దానికి తాగుడు నేర్పారు. రీసస్ కోతిని విడిగా బోనులో ఉంచి, అయిదు నిమిషాలకోసారి అరటిపండు రుచి ఉన్న బిళ్ల ఒకటి వదులుతారు. బిళ్లకూ బిళ్లకూ మధ్య ఉండబట్టలేక అది దాహం లేకున్నా నీళ్లు తాగుతుంది. నెల గడిచాక ఆ నీళ్లలో మద్యం కలుస్తుంది. ఆపై నెలనెలా మోతాదు పెరుగుతుంది. నాలుగు నెలలయ్యాక రోజుకు 22 గంటలపాటు మద్యం, మంచినీళ్లు రెండూ అందుబాటులో పెట్టి, ఏది ఎంత తాగిందో ఏడాదిపాటు లెక్క రాస్తారు.

కొన్ని ముట్టీముట్టనట్టు తాగితే, కొన్ని పూటుగా తాగాయి. మనుషుల్లో కనిపించే తేడా ఇదే. ఈ ఫలితాలను కొట్టిపారేయలేం. 2023లో ఇక్కడి కోతుల మెదడులోకి వైరస్ ద్వారా ఒక జన్యువును పంపితే, బాగా తాగే వాటి తాగుడు 90 శాతానికి పైగా తగ్గింది. అయితే అది పుర్రెకు రంధ్రం చేసి అందించే చికిత్స. మామూలు తాగుబోతు దాకా అది ఎప్పటికి వస్తుంది? తాగాలన్న కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్ మాత్రకు అమెరికాలో 1994లోనే అనుమతి వచ్చింది. దాన్ని కూడా కోతులపై పరీక్షించిన మాట నిజమే. అలాంటి మందులు ఉండి కూడా, 2019 నాటికి అమెరికాలో ఈ వ్యసనం ఉన్న నూరుమందిలో ఇద్దరికైనా అందలేదు. లోటు ప్రయోగశాలలో కన్నా ఆస్పత్రిలోనే ఎక్కువగా ఉందని మేం భావిస్తున్నాం.

అమెరికాలోనే మరో రాష్ట్రమైన మేరీలాండ్‌లో జరిగిన ప్రయోగాలు ఇంకా బాధాకరం. తల్లి దగ్గర కాక తోటి పిల్లల మధ్య పెరిగిన కోతులు ఎక్కువ తాగుతాయని 1991లో తేల్చారు. ఆ సంగతి తెలియడానికి పిల్లను తల్లి నుంచి వేరు చేయాలా?

రీసస్ మన గోదావరికి ఉత్తరాన తిరిగే కోతే. దశాబ్దాలపాటు అమెరికా ప్రయోగశాలలకు ఇక్కడి నుంచే వెళ్లేది. 1978లో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం ఎగుమతి ఆపేశాక, వాళ్లు సొంతంగా పెంచుకోవడంపై ఆధారపడ్డారు.

మద్యం తాగిన కోతుల మెదడు, కాలేయం వంటి కణజాలాలను భద్రపరిచి ఇతర శాస్త్రవేత్తలకు ఇచ్చే నమూనాల భాండాగారం ఒరెగాన్‌లోనే ఉంది. మరో కోతికి తాగుడు నేర్పడానికి డబ్బు అడిగేవారు, ఆ నమూనాలతో తేలనిది ఏమిటో ముందు రాసి ఇవ్వాలి. ఆ కాగితం పన్ను కట్టే ప్రతి ఒక్కరికీ చదవడానికి దొరకాలి.