అమ్మమ్మ కథ, మధ్యలో పద్నాలుగో ఎక్కం

అమ్మమ్మ పోయి ఏడాదైంది, అందరం ఒకచోట కూర్చుని ఆవిడ కబుర్లు చెప్పుకుందాం అన్నాడు పెద్దమామయ్య. తీరా కూర్చున్నాక తేలిందేమిటంటే, ఎవరి అమ్మమ్మ వాళ్ళకి వేరే ఉంది. పెద్దమ్మ చెప్పే అమ్మమ్మ జన్మలో గొంతు పెంచి ఎరగదు. పెద్దమామయ్య చెప్పే అమ్మమ్మ గొంతెత్తితే వీధి చివర సైకిలు మీద పోయేవాడు కూడా దిగి నడిచేవాడు. పిన్ని చెప్పే అమ్మమ్మకి పిన్ని తప్ప వేరే పిల్లలే ఉన్నట్టు లేరు. మాటా మాటా పెరిగేలా ఉన్న వేళకి పిన్ని కొడుకు అటక మీంచి ఓ క్యాసెట్ పట్టుకుని దిగాడు.

దాని మీద అమ్మమ్మ గుండ్రటి అక్షరాలు: 'నా కథ. ఎవరూ చెరపొద్దు.'

చిన్నమామయ్య ఎగిరి గంతేశాడు. "నేనే రికార్డు చేశాను! పక్కన కూర్చోబెట్టుకుని అరగంట ఏకధాటిగా చెప్పింది."

"ఏం చెప్పిందిరా?" అంది పెద్దమ్మ.

"టేపులో ఉంటుంది కదా అని నేను వినలేదు."

ఎవరింట్లోనో మూలపడ్డ టేప్ రికార్డర్ తెచ్చారు. ఫోన్‌లో రింగుటోను మార్చడం వచ్చు కాబట్టి ఇంటికి ఇంజనీరుని నేనే. రీలు వదులైతే కన్నంలో పెన్సిల్ దూర్చి బిగించాను. ప్లే నొక్కాను. కాసేపు బుస్సుమంది. తర్వాత అమ్మమ్మ.

"నేను పుట్టినప్పుడు మా నాన్న ఇంట్లో లేడు..."

పెద్దమ్మ కొంగు కళ్ళకి అద్దుకుంది. మామయ్యలిద్దరూ చెరో వైపు తిరిగి కూర్చున్నారు. రెండు నిమిషాలు అలా సాగింది. "పెళ్ళినాడు ఏం జరిగిందంటే..." అంది అమ్మమ్మ. టక్కుమని చప్పుడు.

"హలో హలో, మైక్ టెస్టింగ్! వన్ టూ త్రీ!"

గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలిసిపోయింది. కాసేపు తెలియనట్టే కూర్చున్నాను.

క్యాసెట్లు చేసినవాళ్ళు తెలివైనవాళ్ళు. పై అంచున రెండు చిన్న ప్లాస్టిక్ రేకులుంటాయి. అవి విరిచేస్తే రికార్డు బటన్ కిందికి దిగదు, టేపు భద్రం. చిన్నమామయ్య గుర్తుపెట్టుకుని మరీ విరిచాడు. ఆ గుంట మీద ఏదైనా అంటిస్తే బటన్ మళ్ళీ దిగుతుంది. ఎనిమిదేళ్ళకి నాకు చదువు తప్ప ఇలాంటివన్నీ వచ్చు. క్యాసెట్ బయటికి తీసి చూశారు. పసుపెక్కిపోయిన సెల్లోటేపు ముక్క, దాని మీద నా వేలిముద్రతో సహా, అక్కడే ఉంది.

టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తుంది. నేను 26 నిమిషాలు ఏకపాత్రాభినయం చేశాను. అంటే 74 మీటర్ల అమ్మమ్మ జీవితాన్ని చెరిపేశానన్నమాట. ఈ లెక్క పెద్దమామయ్య అక్కడికక్కడే కాగితం మీద వేసి అందరికీ చూపించాడు. అంత అవసరం లేదు.

చెరిపింది దేనికోసమయ్యా అంటే: వార్తలు చదివాను. పిల్లిని ఇంటర్వ్యూ చేశాను, అది ఒక్క జవాబూ చెప్పలేదు. రైలు కూత కూశాను. ఆపైన సరుకు అయిపోయి ఎక్కాలకి దిగాను.

"పద్నాలుగైదులు డెబ్బై. పద్నాలుగార్లు ఎనభై ఆరు."

ఎక్కడో లోపలి గదిలోంచి, దూరంగా: "ఎనభై నాలుగురా వెధవా!"

గదిలో ఒక్కరూ కదల్లేదు. గొంతు పెంచి ఎరగని అమ్మమ్మ రెండు గోడలు దాటి టేపులోకి వచ్చింది. పెద్దమామయ్య పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ కిటికీ వైపు చూసింది.

ఎక్కం అయ్యాక నాకు విసుగొచ్చి ఆపేసినట్టున్నాను. చివర ఓ రెండు నిమిషాలు అమ్మమ్మవి మిగిలాయి.

"...అందుకే ఆ రోజు తర్వాత మీ తాతయ్య నాకు చెప్పకుండా ఒక్క పనీ చెయ్యలేదు. పాపం, చెయ్యనిస్తే కదా. ఇంక కట్టెయ్ నాయనా, నాకు పనుంది."

ఇంక చూసుకోండి! తాతయ్య ఏం చేశాడు? చెప్పకుండా ఎవరికో అప్పిచ్చాడంది పెద్దమ్మ. ఉద్యోగం మానేసి నెల్లాళ్ళు దాచాడన్నాడు పెద్దమామయ్య. నగ తాకట్టు పెట్టాడంది పిన్ని, పెట్టిన నగ ఏదో కూడా చెప్పింది. అప్పటికి పిన్ని పుట్టనే లేదు. గోడ మీద ఫోటోలో తాతయ్య మాత్రం, చెరిగిపోయి మంచిపనే అయిందన్నట్టు నిమ్మళంగా ఉన్నాడు.

నన్ను దోషిని చేసి నిలబెడితే నాకు తెలిసిన సైన్సు ఒకటి బయటికి తీశాను. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆ పిల్లలో అండాలు తయారైపోతాయి. అమ్మని అమ్మమ్మ మోస్తున్నప్పుడే నేనయ్యే అండం అమ్మలో ఉంది. "ఆ లెక్కన నేనూ అమ్మమ్మ కడుపులో ఉన్నవాణ్ణే" అన్నాను.

"అక్కడ ఏమేం చెరిపావో!" అన్నాడు చిన్నమామయ్య.

భోజనాలకి లేవమన్నా పెద్దమ్మ లేవలేదు. చాలాసేపటికి, "ఆ ఎక్కం ఇంకోసారి పెట్టరా" అంది. పెన్సిలుతో వెనక్కి తిప్పి పెట్టాను. మళ్ళీ పెట్టమంది. పిన్ని కూడా వచ్చి కూర్చుంది. మామయ్యలు కూడా కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. ఆ సాయంత్రం ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు.

తిప్పిన ప్రతిసారీ నేను ఎనభై ఆరే అన్నాను.