గీత మీద నిషేధం లేదు, ‘30ఏ’ అనే ఆర్టికలే లేదు

పోయిన ఆదివారం పొద్దున మా పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. నా దగ్గర పదో తరగతి చదివి, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు పెట్టాడు. మెసేజ్ కొత్తదేమీ కాదు. కొన్నేళ్లుగా ఏదో ఒక గ్రూపులో తిరుగుతూనే ఉంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: “రాజ్యాంగం ఆర్టికల్ 30 ప్రకారం మదర్సాల్లో ఖురాన్, కాన్వెంట్లలో బైబిల్ చెప్పొచ్చు. ఆర్టికల్ 30ఏ ప్రకారం బడుల్లో భగవద్గీత చెప్పకూడదు. సర్దార్ పటేల్ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఆయన చనిపోగానే నెహ్రూ దీన్ని రాజ్యాంగంలో చేర్చాడు. అందుకే మన పిల్లలకు విలువలు లేకుండా పోయాయి. పది గ్రూపులకు పంపండి.”

ఇలాంటివి చూసి చాలాసార్లు ఊరుకున్నాను. ఈసారి మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. దాని కింద ఆ అబ్బాయి సొంతంగా ఇంకో వాక్యం కలిపాడు: “నిజమే, మనకు సర్కారు బడిలో రామాయణం, భాగవతం ఎవరు చెప్పారు?”

నేను చెప్పాను. అదే బడిలో, అదే తరగతి గదిలో, ఏడాది పొడుగునా నేనే చెప్పాను. ఆ సంగతికి తర్వాత వస్తాను. ముందు మెసేజ్‌లోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

“ఆర్టికల్ 30ఏ గీతను నిషేధించింది” అన్నది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. రాజ్యాంగంలో ఆర్టికల్ 30ఏ అనేదే లేదు. 30 తర్వాత 31 ఉండేది, దాన్ని 1978 సవరణతో తీసేశారు; ఆ తర్వాత 31ఏ ఉంటుంది. 30లో ఒక చిన్న క్లాజు మాత్రం ఉంది, దాన్ని 30(1ఏ) అంటారు. మైనారిటీలు నడిపే విద్యాసంస్థ స్థలాన్నో భవనాన్నో ప్రభుత్వం బలవంతంగా తీసుకోవాల్సి వస్తే, ఆ సంస్థ హక్కుకు దెబ్బ తగలని విధంగా పరిహారం ఉండాలని అది చెబుతుంది. అందులో గీత ఊసు లేదు, ఏ మతగ్రంథం పేరూ లేదు. ఆ మాటకొస్తే రాజ్యాంగం మొత్తంలో ఫలానా గ్రంథాన్ని బడిలో చెప్పొచ్చు, ఫలానాది చెప్పకూడదు అన్న వాక్యం ఒక్కటి కూడా లేదు.

ఇక పటేల్, నెహ్రూల కథ. రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబరు 26న. అది అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. పటేల్ చనిపోయింది 1950 డిసెంబరు 15న. అంటే ఆర్టికల్ 30 పూర్తి రూపంలో అమల్లోకి వచ్చాక కూడా ఆయన దాదాపు 11 నెలలు ఈ దేశానికి హోం మంత్రిగా, ఉప ప్రధానిగా ఉన్నారు. అంతేకాదు, రాజ్యాంగ సభలో ప్రాథమిక హక్కులు, మైనారిటీల వ్యవహారాల మీద వేసిన సలహా సంఘానికి అధ్యక్షుడు పటేలే. మైనారిటీల విద్యాహక్కుల ప్రతిపాదన 1947లో సభ ముందుకు వచ్చింది ఆయన సమర్పించిన నివేదికలోనే. ఆయన ఏ ఆర్టికల్‌ను అడ్డుకున్నారని ఈ మెసేజ్ చెబుతోందో, దాని పునాది పడింది ఆయన సంఘంలోనే. పటేల్ మీద గౌరవం ఉన్నవాళ్లు ఆయన చేసిన పనిని ఆయనకే వ్యతిరేకంగా తిప్పకూడదు.

పైన చెప్పిన 30(1ఏ) ఎప్పుడు వచ్చిందో కూడా చూడండి. 1978లో, 44వ సవరణతో. నెహ్రూ చనిపోయి అప్పటికి 14 ఏళ్లు. అధికారంలో ఉన్నది మొరార్జీ దేశాయ్ జనతా ప్రభుత్వం, అందులో వాజపేయి, అద్వానీ మంత్రులు. ఆ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితాలోంచి తీసేశారు. దాంతో మైనారిటీ బడుల స్థలాలకు రక్షణ పోకుండా ఈ చిన్న క్లాజు చేర్చారు. జరిగింది అంతే.

“30 కేవలం ముస్లింలకు, క్రైస్తవులకు” అన్నట్టు మెసేజ్ ధ్వనించడం తర్వాతి సంగతి. ఆర్టికల్‌లో ఉన్నది “మతం ఆధారంగా గానీ, భాష ఆధారంగా గానీ” మైనారిటీలైన వాళ్లందరికీ అని. ఈ “భాష” అన్న మాటను మెసేజ్ రాసినవాళ్లు మింగేశారు. తెలుగువాళ్లం మనం దాన్ని వదిలేయకూడదు. చెన్నైలో తెలుగువాళ్లు సొంత బడులు పెట్టుకుని నడుపుకుంటున్నారంటే ఆ హక్కు ఈ ఆర్టికల్‌దే. మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్ని బట్టి చూడాలని టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు 11 మంది జడ్జీల ధర్మాసనం 2002లో తేల్చింది. అంతకు ముందే, 1971లో, పంజాబ్‌లోని డీఏవీ కాలేజీ కేసు ఉంది. పంజాబ్‌లో సిక్కులు ఎక్కువ, హిందువులు తక్కువ. అక్కడ ఆర్యసమాజం వాళ్ల కాలేజీలు సుప్రీంకోర్టుకు వెళ్లి ఇదే ఆర్టికల్ 30 కింద రక్షణ అడిగాయి. వాళ్లకు ఆ హక్కు ఉందని కోర్టు ఒప్పుకుంది. వేదాలే ప్రమాణం అనే ఆర్యసమాజానికి అండగా నిలిచిన ఆర్టికల్‌ను హిందువులకు శత్రువని ఎలా అంటాం?

అసలు గొడవ ఆర్టికల్ 30ది కాదు, ఆర్టికల్ 28ది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదని 28(1) అంటుంది. ఏ మతమూ, ఎవరిదీ. ఒక్క హిందువులనే ఇది కట్టేస్తుందని అనుకునేవాళ్లు అస్సాం వైపు చూడాలి. అక్కడి ప్రభుత్వం 2020లో చట్టం చేసి, ప్రభుత్వం నడిపే మదర్సాలను మామూలు బడులుగా మార్చేసింది. గువాహటి హైకోర్టు 2022 ఫిబ్రవరిలో దాన్ని సమర్థించింది. కోర్టు చూపించిన ఆధారం ఈ 28(1). ప్రభుత్వ ఖజానాతో పూర్తిగా నడిచే చోట మతబోధ కుదరదని చెప్పింది.

ఈ నియమం ఎందుకు పెట్టుకున్నామో అంబేడ్కర్ 1948 డిసెంబరులో సభలో వివరించారు. అందరి పన్నుల డబ్బుతో కొందరి మతాన్ని బోధించడం న్యాయం కాదు. ఇన్ని మతాలున్న దేశంలో ప్రతి బడిలో ప్రతి మతాన్నీ బోధించడం ఆచరణలో కుదిరే పని కాదు. ఒకరి సిద్ధాంతం ఇంకొకరి సిద్ధాంతాన్ని కాదంటుంది కాబట్టి బడిలో ప్రశాంతత పోతుంది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పనిచేసిన నాకు ఇందులో మూడో మాట పుస్తకంలోది అనిపించదు. ఒక్క బెంచీ మీద మూడు మతాల పిల్లలు కూర్చుంటారు మా దగ్గర. ఎవరి దేవుడు గొప్ప అన్న ప్రశ్న బ్లాక్‌బోర్డు మీదికి ఎక్కిన రోజున ఆ బెంచీ మిగలదు.

అయితే మతబోధ వేరు, మతాల గురించి, పురాణాల గురించి, కావ్యాల గురించి చదువుకోవడం వేరు. ఈ తేడాను కోర్టులు స్పష్టంగానే చెప్పాయి. అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు, మతాల సారాన్ని, విలువలను పాఠంగా చదవడం 28కి విరుద్ధం కాదంది. సంస్కృతాన్ని సీబీఎస్ఈలో ఐచ్ఛికంగా పెట్టడం తప్పు కాదని 1994లోనే చెప్పింది. గుజరాత్ ప్రభుత్వం 6 నుంచి 12 తరగతులకు గీతను పాఠాల్లో పెడతామని 2022 మార్చిలో ప్రకటించింది. అది పాఠమా, మతబోధా అని వాదించుకోవచ్చు. కానీ గీతను నిషేధించే ఆర్టికల్ నిజంగా ఉంటే ఒక రాష్ట్ర ప్రభుత్వం శాసనసభలో నిలబడి ఆ ప్రకటన చేయగలిగేదా?

ప్రైవేటు బడుల సంగతి చెప్పనే అక్కర్లేదు. సరస్వతీ శిశుమందిరాల్లో, చిన్మయ విద్యాలయాల్లో గీతా శ్లోకాలు రోజూ వినిపిస్తాయి. తిరుపతిలో వేద విశ్వవిద్యాలయం 2006 నుంచి ఉంది. వేద విద్య కోసం కేంద్ర విద్యాశాఖ కిందే ఉజ్జయినిలో ఒక సంస్థ నడుస్తోంది. 2012లో విద్యాహక్కు చట్టాన్ని సవరించినప్పుడు మదర్సాలకు మినహాయింపు ఇచ్చిన వాక్యంలోనే వేద పాఠశాలలకూ ఇచ్చారు. రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి.

ఇప్పుడు ఆ అబ్బాయి రాసిన వాక్యానికి వస్తాను.

తెలంగాణ పదో తరగతి తెలుగు ఉపవాచకం పేరే ‘రామాయణం’. ప్రభుత్వం అచ్చు వేసి, ఉచితంగా పంచిన పుస్తకం. బాలకాండ నుంచి యుద్ధకాండ దాకా అన్నీ ఉన్నాయి, పబ్లిక్ పరీక్షలో దాని మీద ప్రశ్నలు వస్తాయి. వాచకం తెరిస్తే మొదటి పాఠమే పోతన భాగవతంలోని బలి చక్రవర్తి కథ. వచ్చినవాడు విష్ణువు, మాట ఇచ్చావా అన్నీ పోతాయని శుక్రాచార్యుడు చెప్పినా వినకుండా, పూర్వం ఎందరో రాజులు ఉన్నారు కదా, వాళ్లలో ఒక్కడైనా సంపద మూటగట్టుకుని పోయాడా అని బలి అడిగే ఘట్టం. ఇంకో పాఠంలో శ్రీనాథుడు వస్తాడు. రెండు రోజులు భిక్ష దొరక్క, ఆకలికి కోపం వచ్చి కాశీనే శపించబోయిన వ్యాసుణ్ణి అన్నపూర్ణాదేవి మందలిస్తుంది.

ఒక ఏడాది బలి చక్రవర్తి పద్యం నా తరగతిలో అందరికన్నా బాగా చదివింది ఒక ముస్లిం అమ్మాయి. వాళ్ల నాన్న పంక్చర్ షాపు. “కారే రాజులు” అని ఎత్తుకుంటే వెనక బెంచీల వాళ్లు కూడా గైడు మూసేవాళ్లు. యతి దగ్గర ఎంతసేపు ఆగాలో ఆ పిల్లకు నేను నేర్పలేదు, చెవితోనే పట్టుకుంది. ఆ పద్యం తన మతానిదా కాదా అని ఆమె అడగలేదు. నేనూ దాన్ని భక్తితో వినమని చెప్పలేదు, తెలుగులా చదవమన్నాను. పాఠం అంటే ఇది. రాజ్యాంగం దీన్ని ఎప్పుడూ ఆపలేదు.

మరి ఆ అబ్బాయికి ఎందుకు గుర్తు లేదు? నాకు తెలిసిన కారణం ఒక్కటే. జనవరి వచ్చేసరికి స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, పాస్ పర్సంటేజీ టెన్షన్. రామాయణం పాత్రల పట్టికగా, కాండల జాబితాగా మారిపోతుంది. భరతుడు పాదుకలు అడిగే చోట ఆగి మాట్లాడుకోవాల్సిన పీరియడ్‌ను బట్టీకి ఇచ్చేశాం. ఆ తప్పులో నాకూ వాటా ఉంది, ఒప్పుకుంటాను. విలువలు తగ్గాయని బాధపడేవాళ్లు ఈ పీరియడ్ తిరిగి ఇవ్వమని అడిగితే నేను మొదటి వరసలో నిలబడతాను.

“మతం లేదు కాబట్టి విలువలు లేవు” అన్న మాట కూడా నిలవదు. రోజూ అసెంబ్లీలో పిల్లలు చెప్పే ప్రతిజ్ఞ మన నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ తెలుగులో రాసింది. దేశమంతా అన్ని భాషల్లోకి వెళ్లింది. తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను గౌరవిస్తానని, అందరితో మర్యాదగా ఉంటానని, జంతువుల పట్ల దయతో ఉంటానని అందులో ఉంది. ఇవి విలువలు కావా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 నవంబరులో విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా ప్రవచనకారులు చాగంటి కోటేశ్వరరావు గారిని నియమించింది. ఏ ఆర్టికలూ ఆపలేదు.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది నాకు చాలాకాలం గుచ్చుకున్నది. హాల్ టికెట్లు వచ్చిన రోజు మా బడిలో సరస్వతి పటం దగ్గర పెట్టి కొబ్బరికాయ కొట్టేవాళ్లం. ఒకసారి చర్చికి వెళ్లే కుటుంబం నుంచి వచ్చిన పిల్లాడు బొట్టు వద్దని పక్కకు జరిగాడు. మా తోటి ఉపాధ్యాయుడొకరు అందరి ముందూ గట్టిగా కోప్పడ్డారు. నేను నోరు మెదపలేదు. ఆ పిల్లాడు ఆ రోజు మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు. గుర్తింపు ఉన్న బడిలోగానీ, ఎయిడ్ తీసుకునే బడిలోగానీ, పిల్లల తల్లిదండ్రుల అనుమతి లేకుండా మతబోధలో, ప్రార్థనలో పాల్గొనమని బలవంతపెట్టకూడదని 28(3) చెబుతుంది. కాన్వెంట్‌లో చదివే హిందూ పిల్లవాడికీ ఇదే రక్షణ. మీ పిల్లను చాపెల్‌కు తీసుకెళ్లడం మీకు ఇష్టం లేకపోతే కాగితం మీద రాసివ్వండి, బలవంతపెట్టే హక్కు వాళ్లకు లేదు. మెసేజ్ రాసినవాళ్లు ఈ ఒక్క క్లాజు తల్లిదండ్రులకు చెప్పి ఉంటే ఎంత మేలు జరిగేది!

ఆర్టికల్ 30 మీద అడగాల్సిన న్యాయమైన ప్రశ్న ఒకటి ఉంది. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడులు 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలి. మైనారిటీ సంస్థలకు ఈ చట్టం వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో వాళ్ల సొంత మతంలోని పేద పిల్లలకు కూడా ఆ సీట్లు అందకుండా పోయే పరిస్థితి వచ్చింది. ఈ తీర్పు సరైనదేనా అని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టులోనే ఇద్దరు జడ్జీలు సందేహం వెలిబుచ్చి, పెద్ద బెంచి చూడాలన్నారు. దీని మీద మాట్లాడదాం, గట్టిగానే మాట్లాడదాం. లేని 30ఏ గురించి అరుస్తూ కూర్చుంటే ఈ ప్రశ్న ఎవరికీ వినపడదు.

ఆ అబ్బాయికి గ్రూపులోనే జవాబు పెట్టాను. ఆర్టికల్ 28, 30 ఉన్న పేజీల ఫోటోలు, ‘రామాయణం’ ఉపవాచకం అట్ట ఫోటో. “బాబూ, మూడో వరుసలో కిటికీ పక్కన కూర్చునేవాడివి. ఈ పుస్తకానికి నువ్వు పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసుకున్నావు” అని రాశాను. సాయంత్రం ఫోన్ చేశాడు. “సార్, అట్ట గుర్తుంది, లోపల ఏముందో గుర్తు లేదు” అన్నాడు. మెసేజ్ తీసేయమని అడిగాను. సరే సార్ అన్నాడు. ఇది రాస్తున్నప్పటికి ఇంకా తీయలేదు.