నైస్ గారికి నమస్కరించి రాయునది

నైస్ గారూ,

మీరు క్షేమమేనా అని వేరే అడగక్కర్లేదు, రోజూ కనిపిస్తూనే ఉన్నారు. నిన్న కూడా దర్శనమిచ్చారు. మా అమ్మమ్మ పోయి ఏడాదైందని, ఆమె చివరి రోజుల గురించి రెండు రాత్రులు కూర్చుని, రాసి, కొట్టేసి, మళ్లీ రాసి, ఓ అరవై లైన్లు పోస్టు చేశాను. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది, టింగుమంది. చూస్తే మీరే. "నైస్". పక్కన ఒక బొటనవేలు. ఆ కింద ఇంకొకాయన "నైస్ పిక్" అన్నాడు. అందులో ఫొటోయే లేదు.

ఒళ్లు మండి మీ పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. లాటిన్‌లో 'నే' అంటే కాదు, 'స్కీరే' అంటే తెలియడం, ఆ రెండూ కలిస్తే 'నెస్కియుస్', అంటే ఏమీ తెలియనివాడు. అదండీ మీ ఇంటిపేరు! సైన్స్ కూడా ఆ 'స్కీరే' ఇంటి నుంచే వచ్చింది కాబట్టి వరసకి మీకు దగ్గర చుట్టమే, కాకపోతే ఆవిడది 'తెలుసు' వైపు, మీది 'తెలియదు' వైపు. పాత ఫ్రెంచి మీదుగా మీరు ఇంగ్లీషులో దిగిన కొత్తలో, అంటే సుమారు ఏడు వందల ఏళ్ల కిందట, ఎవరినైనా నైస్ అంటే మూర్ఖుడని అర్థం. తర్వాత పిరికివాడయ్యారు, చాదస్తుడయ్యారు, సుకుమారుడయ్యారు, చివరికి సూక్ష్మం కూడా అయ్యారు. సన్నటి తేడాని ఇప్పటికీ నైస్ డిస్టింక్షన్ అంటారు కదా, జన్మలో మీరు ఒళ్లు వంచి చేసిన ఉద్యోగం అదొక్కటే. 18వ శతాబ్దంలో దాన్నీ చాలావరకు పక్కన పెట్టి 'బాగుంది'గా స్థిరపడ్డారు. 1817 చివర్లో వచ్చిన నార్తాంగర్ ఆబీ నవలలోనే జేన్ ఆస్టెన్ ఒక పాత్ర చేత మిమ్మల్ని ఆటపట్టించింది, రోజుకీ నడకకీ అమ్మాయిలకీ పుస్తకానికీ అన్నిటికీ మీరేనా అని. రెండు వందల ఏళ్లు దాటింది, మీకు చీమ కుట్టినట్టైనా లేదు.

తప్పు మీ ఒక్కరిదే అననులెండి. మా ముగ్ధ ఏమైనా తక్కువ తిందా? మూఢుడూ ముగ్ధా సంస్కృతంలో ఒకే ధాతువు పిల్లలు, అన్నగారు మూఢుడిగానే ఉండిపోయాడు, చెల్లెలు అమాయకత్వమే అందమని కావ్యాల్లోకెక్కి కూర్చుంది. మీ వీధిలోనే ఉండే సిల్లీది దీనికి తలకిందులు కథ. ఒకప్పుడు ధన్యుడని పేరున్న మనిషి, పాపం, జారుతూ జారుతూ వచ్చి మీరు ఖాళీ చేసిన కుర్చీలోనే పడ్డాడు.

ఒక్క విషయంలో మాత్రం మీకు సారీ చెప్పాలి. నిన్న అమ్మమ్మ పోస్టు కింద మిమ్మల్ని పెట్టి వెళ్లినాయన చదివినట్టు నటిస్తున్నాడనుకున్నాను. పాత లెక్కలో చూస్తే ఆయన ఉన్నదే చెప్పాడు, ఏమీ తెలియదని. అందుకే రాత్రి పడుకోబోయే ముందు ఆయనకి జవాబు పెట్టాను, "మీరు కూడా చాలా నైస్ అండీ" అని, నికార్సైన 14వ శతాబ్దపు అర్థంలో.

ఆయన వెంటనే ఎర్ర గుండె బొమ్మ పెట్టాడు.

ఇట్లు,
అరవై లైన్ల మనిషి