హనన్యా విరిచిన కాడి: ఐశ్వర్య సువార్తపై వాదోపవాదం

దేవుని బిడ్డ ఆరోగ్యంగా, సంపన్నంగా బ్రతకడమే దేవుని చిత్తమనీ, విశ్వాసంతో నోట పలికి, కానుకను విత్తనంగా విత్తినవారికి ఆ రెండూ తప్పక దక్కుతాయనీ చెప్పే బోధకు ఐశ్వర్య సువార్త అని పేరు. గత శతాబ్దంలో అమెరికాలో కెన్నెత్ హేగిన్, ఓరల్ రాబర్ట్స్ వంటి బోధకుల వల్ల బలపడి లోకమంతటా వ్యాపించిన ఈ బోధ గురించి ఇద్దరు సంఘకాపరులు వాదించుకుంటున్నారు.

సమర్థకుడు: సహోదరా, విమర్శించే ముందు మా ఆరాధనకు ఎవరు వస్తున్నారో చూడండి. తమ బ్రతుకింతేనని చిన్ననాటి నుంచీ వింటూ వచ్చినవారు, అప్పుల్లో మునిగినవారు వస్తున్నారు. దేవుడు తండ్రి అనీ, తండ్రి తన పిల్లలకు మంచి ఈవులు ఇస్తాడనీ మేము వారికి చెబుతున్నాం. ఆ మాటతో తాగుడు మానినవారు, తలెత్తుకుని పనికి వెళ్తున్నవారు మా సంఘంలో ఉన్నారు. "జీవము కలుగుటకును అది సమృద్ధిగా కలుగుటకును" వచ్చానని ప్రభువే అన్నాడు కదా!

విమర్శకుడు: వారు తాగుడు మానినందుకు నేనూ దేవుణ్ణి స్తుతిస్తాను. బోధకుల కార్లూ భవనాలూ లెక్కపెట్టడానికి కూడా నేను రాలేదు, ఆ తప్పును లోకమే పట్టుకుంటుంది. మీ మాట ఫలించనివారికి మీరు చెప్పే కారణమే నా బాధ. బిడ్డ జ్వరం తగ్గలేదని ఒక తల్లి వస్తే, "నీ విశ్వాసంలో లోపముంది, ఇంకా విత్తు" అంటారు. ఆమె బిడ్డ కోసం ఏడుస్తూ వచ్చి, బిడ్డ బాగుపడకపోవడానికి తానే కారణమన్న నేరభారం మోసుకుని తిరిగి వెళ్తుంది. బైబిల్లో ఆస్తినీ పిల్లలనూ ఆరోగ్యాన్నీ కోల్పోయిన యోబుతో, నీ పాపమే కారణమని వాదించిన అతని స్నేహితులు చేసింది సరిగ్గా ఇదే.

సమర్థకుడు: యోబుకు చివర రెండంతలు తిరిగి వచ్చిందన్న సంగతి మీరు దాటేస్తున్నారు.

విమర్శకుడు: వచ్చింది, కానీ అతడు ఏ విత్తనమూ విత్తలేదు. బూడిదలో కూర్చుని దేవునితో వాదించాడు, తన పుట్టిన దినాన్ని శపించాడు. మీ లెక్క ప్రకారం అవన్నీ అవిశ్వాసపు మాటలు. అయినా దేవుడు అతని వైపే నిలిచి, తన్నుగూర్చి యుక్తమైనది పలకలేదని ఆ స్నేహితులనే గద్దించాడు. అపొస్తలుడైన పౌలు సంగతీ అంతే. తన శరీరంలోని ముల్లు పోవాలని మూడుమార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. తన సహచరుడైన త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చానని ఆయన రాశాడు. పౌలుకు విశ్వాసం చాలలేదని మీరు అనగలరా?

సమర్థకుడు: అనలేను. అయితే కడుపు నిండిన వేదాంతులు ఆకలితో ఉన్నవారి నిరీక్షణను తప్పుపట్టడం నాకు న్యాయంగా కనిపించదు. దేవుని ఉద్దేశాలు "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అని యిర్మీయా 29:11లో స్పష్టంగా ఉంది. దాన్ని బీదవారికి చెప్పవద్దా?

విమర్శకుడు: ఈ విమర్శ కడుపు నిండినవారిది మాత్రమే కాదు. సువార్తిక క్రైస్తవుల ప్రపంచవ్యాప్త వేదిక అయిన లౌసాన్ ఉద్యమపు వేదాంత బృందంలోని ఆఫ్రికా విభాగం 2008, 2009లలో ఘానాలోని అక్రోపాంగ్‌లో సమావేశమై, దేవుడు అద్భుతాలు చేస్తాడని ఒప్పుకుంటూనే, పేదరికాన్నీ రోగాన్నీ శాపానికో అవిశ్వాసానికో రుజువుగా చూపే బోధను నిరాకరించింది. ఇక యిర్మీయా వచనానికి ముందున్న అధ్యాయం కూడా చదవండి. బబులోను రాజు చెరపట్టినవారూ, ఎత్తుకుపోయిన దేవాలయపు పాత్రలూ అన్నీ రెండు సంవత్సరాల్లో తిరిగి వస్తాయని హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో ప్రజలందరి ఎదుట ప్రకటించి, బబులోనుకు లోబడాలన్న గురుతుగా యిర్మీయా మెడమీద వేసుకున్న కొయ్య కాడిని తీసి విరిచేశాడు. ఆ ప్రకటన విన్నప్పుడు యిర్మీయా ఏమన్నాడో గమనించారా? "ఆమెన్, యెహోవా ఆలాగున చేయును గాక" అన్నాడు. ప్రజలకు మేలు కలగాలని ఆయనకూ ఉంది, కానీ దేవుడు చెప్పని మాటను ఆయన చెప్పలేడు. తర్వాతి అధ్యాయంలో ఆయన బబులోను చెరలో ఉన్నవారికి ఉత్తరం రాస్తూ, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, డెబ్బది సంవత్సరాలు పడుతుందని చెప్పాడు. మీరెత్తిన వచనం ఆ ఉత్తరంలోదే. దాన్ని మొదట విన్నవారిలో పెద్దవారు బబులోనులోనే కన్నుమూసి ఉంటారు, అయినా ఆ వాగ్దానం అబద్ధం కాలేదు. మీరు యిర్మీయా మాటలు తీసుకుని హనన్యా సందేశం చెబుతున్నారు.

సమర్థకుడు: మరి మలాకీ ప్రవక్త మాట? దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, తెచ్చి నన్ను శోధించండి, ఆకాశపు వాకిళ్లు విప్పుతానని దేవుడే అన్నాడు.

విమర్శకుడు: "నా మందిరములో ఆహారముండునట్లు" అని కూడా అన్నాడు. ఆ ఆహారం ఎవరికో ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చెబుతుంది: మూడవ యేటి దశమభాగం, సొంత భూమి లేని మందిర సేవకులైన లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు తిని తృప్తిపొందడానికి. ఆ విధవరాలి చేతికి అందవలసిన దాని పేరు చెప్పి మీరు ఆమె చేతిలోనిది తీసుకుంటున్నారు. తనకున్న రెండు కాసులూ కానుకగా వేసిన బీద విధవరాలి కథకు సరిగ్గా ముందు, విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రులను యేసు ఖండించాడు. కానుకల వేళ ఆ కథ మాత్రమే చెప్పి ముందున్న వచనాన్ని వదిలేయడం నాకు భయంకరమైన విషయంగా తోస్తుంది.

సమర్థకుడు: ఆ వచనం నేనూ చదివి చెప్పలేదు, నిజమే. అయినా స్వస్థత కోసం ప్రార్థించడం మానమంటే మానను. ఆ తల్లి రేపు మళ్లీ వస్తే ఆమెతో ఏం చెప్పమంటారు?

విమర్శకుడు: ప్రార్థించండి, నేనూ మీతో మోకరిస్తాను. వైద్యుడి దగ్గరికి ఆమెతో కలిసి వెళ్లండి, మందులు ఆపమనకండి, ఆ రోజు ఆమె దగ్గర కానుక తీసుకోకండి. బిడ్డ కోలుకోకపోతే కారణం చెప్పాలని చూడకండి, ఎందుకంటే ఆ కారణం మీకూ తెలియదు, నాకూ తెలియదు.

సమర్థకుడు: కానుక విషయం ఒప్పుకుంటున్నాను. విత్తనం గురించి మాత్రం ఇంకా వాదిస్తాను.

విమర్శకుడు: వాదించండి, వింటాను. ముందు ఆమె దగ్గర ఇప్పటిదాకా తీసుకున్నది తిరిగి ఇచ్చి రండి.