యువత ఎందుకు రావట్లేదు? ఒక 56 ఏళ్ల యూత్ కన్వీనర్ నివేదిక

మా ఫుట్‌బాల్ క్లబ్ యూత్ వింగ్‌కి నన్ను కన్వీనర్‌గా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. నాకు 56. నిజానికి ముందు ఇంకొకాయన్ని అనుకున్నారు గానీ ఆయనకి 63, పైగా మోకాలి ఆపరేషన్ అయ్యింది, ఆఫీసు రూమేమో మేడ మీదుంది, ఉన్నవాళ్లలో రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లెక్కేది నేనొక్కణ్ణే కాబట్టి నన్నే యువత అన్నారు. శాలువా కప్పారు. మే నెల, మిట్టమధ్యాహ్నం, కరెంట్ లేదు, అయినా కప్పారు.

క్లబ్ పేరు చెప్పను, సికింద్రాబాద్ వైపు ఎక్కడో ఉందనుకోండి. చెప్తే యువత ఒక్కసారిగా ఎగబడతారని, కుర్చీలు చాలవని ట్రెజరర్ గారి భయం. మా దగ్గర 30 కుర్చీలున్నాయి, నాలుగింటికి చేతుల్లేవు.

సమస్య ఏంటంటే మా మ్యాచ్‌లకి కుర్రాళ్లు రావట్లేదు. ఆడేవాళ్లు వస్తున్నారు, అదీ తొమ్మిది మందితో మొదలెడితే హాఫ్ టైంకి పదకొండు అవుతారు, కానీ చూసేవాళ్లు లేరు, అరిచేవాళ్లు లేరు, చందా ఇచ్చేవాళ్లు అసలే లేరు. దీని మీద మా కమిటీ ఇప్పటికి ఆరు మీటింగులు పెట్టింది. అన్నీ బుధవారం పొద్దున పదకొండింటికే. ఆ టైంకి ఉద్యోగం ఉన్నోడు రాలేడు, కాలేజీ ఉన్నోడు రాలేడు, రెండూ లేనోడు లేవలేడు. ఆరు మీటింగులకీ ఒక్క కుర్రాడూ రాలేదు కాబట్టి యువతకి సీరియస్‌నెస్ లేదని మినిట్స్‌లో రాసుకున్నాం.

మీటింగ్ ఏదైనా సరే మొదలయ్యేది 1950లోనే. సెక్రటరీ గారు గొంతు సవరించుకుని "ఆ రోజుల్ల మన సిటీ పోలీస్ టీం వస్తుందంటే బొంబాయోళ్లు గజగజ వణుకుతుండె" అంటారు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ కొట్టుకొచ్చింది, 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా టీం మోహన్ బగాన్‌ని ఓడించింది. రహీం సాబ్, అదే సయ్యద్ అబ్దుల్ రహీం, బడిపంతులు, 1943లో ఇక్కడి ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ అయ్యి, తర్వాత దేశానికే కోచ్ అయ్యి, 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మళ్లీ గోల్డ్ తెచ్చిపెట్టారు. జకార్తా దగ్గరికి వచ్చేసరికి చాయ్ వస్తుంది. 1963లో రహీం సాబ్ కన్నుమూసేసరికి ఒంటిగంట కొడుతుంది, అందరికీ భోజనాల టైం. అందువల్ల 1963 తర్వాత ఏం జరిగిందో మా మినిట్స్‌లోకి ఇప్పటిదాకా ఎక్కలేదు.

ఒకసారి మాత్రం ఎవరో తులసీదాస్ బలరాం పేరెత్తారు. మన అమ్ముగూడ కుర్రాడు, 1936లో పుట్టాడు, మెల్‌బోర్న్ టీంలోకి వెళ్లేనాటికి 20 ఏళ్లు. రూమంతా గర్వంతో ఊగిపోయింది. మా క్లబ్బులో ఇరవయ్యేళ్లోడు కూడా ఒకడు అక్కడే నిలబడి ఉన్నాడు, వాడూ ఊగిపోయేవాడే గానీ చేతిలో చాయ్ ట్రే ఉంది.

కన్వీనర్ అన్నాక ఫీల్డ్‌కి వెళ్లాలి కదా అని ఒక శుక్రవారం రాత్రి పదకొండున్నరకి మా ఇంటి వెనకాల గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్ గ్రౌండ్‌కి వెళ్లా. అక్కడ చూస్తే ఇరవై మంది పోరగాళ్లు, లోపల పది మంది ఆడుతుంటే బయట పది మంది తర్వాతి స్లాట్ కోసం షూ లేసులు కట్టుకుంటున్నారు. ఒకడు ఆఫీస్ ఐడీ కార్డు మెడలో ఉండగానే గోల్ కీపింగ్ చేస్తున్నాడు. ఆట అవ్వగానే ఫోన్లు తీసి గంటకి ఎంతో లెక్కేసి తలా ఇంత పంపించేసుకున్నారు, ఆ ఒక్క రాత్రికి ఒక్కొక్కడు ఇచ్చింది మా క్లబ్ ఏడాది సభ్యత్వం కంటే ఎక్కువ. నేను దగ్గరికెళ్లి "బాబూ, మన ఏరియా క్లబ్ తెలుసా?" అంటే "పబ్బా అంకుల్?" అన్నాడు ఒకడు. ఇంకొకడు పాపం మర్యాదస్తుడు, "మీ పిల్లాడి కోసం వెతుకుతున్నారా అంకుల్?" అన్నాడు.

కమిటీకి రిపోర్ట్ ఇచ్చా. గంటన్నర చర్చించి, యువతకి ఫుట్‌బాల్ అంటే ఆసక్తి లేదని తేల్చాం. ఎందుకంటే టర్ఫ్ మీద ఆడేది ఫుట్‌బాల్ కాదు, చుట్టూ నెట్ ఉంది, లైట్లున్నాయి, టాయిలెట్ శుభ్రంగా ఉంది, వీటిలో ఏదీ ఫుట్‌బాల్‌కి సంబంధించింది కాదు.

ఇంకో ఆరోపణ, వీళ్లకి విదేశీ మోజు. ఇంగ్లండ్‌లో ఆర్సెనల్ ఓడితే ఇక్కడ మా మేనల్లుడు రెండు పూటలు అన్నం మానేస్తాడు, ఛాంపియన్స్ లీగ్ కోసం తెల్లవారుజామున మూడింటి దాకా కూర్చుంటాడు, అక్కడ బెంచి మీద కూర్చున్నోడి తొడ కండరం ఎప్పటికి నయమవుతుందో కూడా వీడికి తెలుసు. "మరి మన మ్యాచ్ ఎప్పుడో తెలుసారా?" అని నిలదీశా. "ఎప్పుడు మామయ్యా?" అన్నాడు. నాకూ తెలీదు. మా మ్యాచ్ సంగతి మాకే ముందు రోజు రాత్రి పదింటికి వాట్సాప్‌లో తెలుస్తుంది, అదీ ఫార్వర్డ్ అయ్యి, గుడ్ మార్నింగ్ గులాబీ పువ్వులకీ కీళ్ల నొప్పుల కషాయానికీ మధ్యలో. మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి కిక్ ఆఫ్. అభిమానం ఉన్నోడు ఆఫీసులో లీవ్ పెట్టడా?

పెద్ద ఎత్తున చేస్తే వస్తారేమో అన్నవాళ్లూ ఉన్నారు. ఆ ముచ్చటా అయ్యింది మన ఊళ్లో. 2019లో ఇండియన్ సూపర్ లీగ్‌లోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది, పుణే టీం మూతపడితే దాని జాగాలో. మొదటి సీజన్ ఆఖరి స్థానం. రెండేళ్లు తిరిగేసరికి 2022 మార్చి 20న గోవా ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్, 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా గోల్ కొట్టి సమం చేశాడు, పెనాల్టీల్లో మన కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మనది. దేశంలో ఛాంపియన్ మన ఊరు! ఆ రాత్రి నేను సెక్రటరీ గారికి ఫోన్ చేసి "సార్, గెలిచాం" అంటే "ఉప్పల్లనా?" అన్నారు.

పసుపు జెర్సీలేసుకుని డ్రమ్ములు పట్టుకుని గచ్చిబౌలి స్టేడియానికి పోయిన కుర్రాళ్లు కొద్దిమంది ఉండేవాళ్లు, మెట్రో రాయదుర్గంలో ఆగిపోతే అక్కడి నుంచి ఆటోవాడితో బేరాలాడి మరీ. తర్వాత జీతాల గొడవలొచ్చాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, 2023-24లో సీజన్ మొత్తానికి ఒక్కటే గెలుపు, చివరికి 2025లో ఆ టీం పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. డ్రమ్ములు మాత్రం ఇక్కడే ఉన్నాయి. దీని మీద మా కమిటీ లోతుగా ఆలోచించి, తప్పు డ్రమ్ములు కొట్టినోళ్లదే అని తేల్చింది. ఇంకొంచెం గట్టిగా కొట్టి ఉంటే టీం ఆగేది.

రాష్ట్రాల టీముల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ సంగతి కూడా చెప్పాలి. బెంగాల్, కేరళ ఫైనల్ మన గచ్చిబౌలిలోనే జరిగింది, రాబి హాన్స్‌దా ఇంజురీ టైంలో గోల్ కొట్టి బెంగాల్‌ని గెలిపించాడు. తేదీ 2024 డిసెంబర్ 31, టైం రాత్రి. కుర్రాళ్ల భక్తిని పరీక్షించడానికి ఇంతకంటే గట్టి ముహూర్తం ఏ పంతులూ పెట్టలేడు.

సరే, మా చర్యలకొద్దాం. ముందుగా ఫ్లెక్సీ వేయించాం. 'యువతా మేలుకో' అని పెద్ద అక్షరాలు, కింద 14 మంది కమిటీ సభ్యుల ఫొటోలు, మూలకి ఒక బంతి. ఆటగాళ్ల ఫొటోలకి జాగా మిగల్లేదు, ఆ బంతి కూడా నిజం చెప్పాలంటే వాలీబాల్. తర్వాత యువజన దినం పెట్టాం. ముఖ్య అతిథి గంటా నలభై నిమిషాలు లేటుగా వచ్చారు, అప్పటిదాకా రెండు టీములూ ఎండలో లైన్లో నిలబడ్డాయి, జ్యోతి ప్రజ్వలనకి గాలి ఎక్కువై ఒక అగ్గిపెట్టె అయిపోయింది, ఆయన యువత గురించి 45 నిమిషాలు మాట్లాడి మ్యాచ్ మొదలయ్యే ముందు వెళ్లిపోయారు. మిగిలిన వెలుతురుకి హాఫ్‌కి పన్నెండు నిమిషాల చొప్పున ఆడించాం.

ఆ రోజు ముగ్గురు అమ్మాయిలు కూడా వచ్చారు. ఆడవాళ్ల టాయిలెట్ ఎక్కడ అని అడిగారు. ఉంది, ఎందుకు లేదు, అందులో పాత గోల్ నెట్లూ సున్నం డబ్బాలూ పెట్టాం, తాళం సెక్రటరీ గారి దగ్గరుంది, ఆయన తిరుపతిలో ఉన్నారు. వాళ్లు మళ్లీ రాలేదు. దీన్ని 'మహిళల్లో ఆసక్తి లోపం' అనే పద్దు కింద రాసుకున్నాం.

ఇక అసలు కథ. ఆ చాయ్ ట్రే కుర్రాడున్నాడే, వాడు ఏడో మీటింగ్‌లో ట్రే కింద పెట్టి నోరు తెరిచాడు. మ్యాచ్ ఎప్పుడో వారం ముందే ఇన్‌స్టాలో పెడదాం అంకుల్ అన్నాడు. సాయంత్రం ఏడింటికి లైట్ల కింద ఆడదాం అన్నాడు. ఇంతవరకూ ఓర్చుకున్నాం. అంతటితో ఆగకుండా, జర్మనీలో క్లబ్బుల్లో సగం పైన ఓట్లు మెంబర్లవే ఉండాలని రూల్ ఉంది, యాభై ప్లస్ వన్ అంటారు, మనం కూడా రెండు వందలు కట్టిన ప్రతోడికీ ఓటిచ్చి కమిటీలో రెండు సీట్లు పాతికేళ్ల లోపోళ్లకి పెడదాం అన్నాడు. రూమ్‌లో ఫ్యాన్ చప్పుడు వినబడింది. ట్రెజరర్ గారు చాలాసేపు నేల చూసి "ఓటిస్తే లెక్కలడుగుతరు బేటా" అన్నారు, ప్రేమగానే. వైస్ ప్రెసిడెంట్ గారికి మాత్రం ఓటు కంటే 'అంకుల్' అన్న పిలుపు మీద అభ్యంతరం, మీటింగ్‌లో సార్ అనాలి. చివరికి కుర్రాడి ఉత్సాహాన్ని అభినందిస్తూ తీర్మానం చేసి, కింద కుర్చీలు మడత పెట్టి రమ్మని పంపించాం.

వాడు కుర్చీలు మడత పెట్టాడు. పెట్టి, ఎవరికీ చెప్పకుండా, మా గోల్ కీపర్ పెనాల్టీ ఆపి బురదలో జారి కుక్క మీద పడ్డ వీడియో ఒకటి పెట్టి కింద మ్యాచ్ టైం రాశాడు. ఆదివారం సాయంత్రం నేను గ్రౌండ్‌కి వెళ్లేసరికి గేట్ దగ్గర బైకులు. లోపల జనం. కుర్రాళ్లు, అమ్మాయిలు, ఆ టర్ఫ్ బ్యాచ్ మొత్తం, ఐడీ కార్డు కీపర్ సహా. ఎవడో డ్రమ్ము కూడా తెచ్చాడు, పసుపు రంగుది. కుక్క వచ్చినప్పుడల్లా చప్పట్లు. మా టీం మూడు ఒకటితో ఓడిపోయింది, అయినా ఆ ఒక్క గోల్‌కి వాళ్లు అరిచిన అరుపుకి నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి, కన్వీనర్ హోదాలో అదుపు చేసుకున్నా.

మర్నాడే అత్యవసర మీటింగ్. ఎజెండా ఒక్కటే, అనుమతి లేకుండా ఇంతమందిని ఎవరు రమ్మన్నారు? 25 చాయ్‌లు చెప్తే వందకి పైగా జనం, ఉస్మానియా బిస్కెట్లు ప్రెసిడెంట్ గారి దాకా రాకుండానే అయిపోయాయి, ఆయన కుర్చీలో ఎవరో అమ్మాయి బ్యాగ్ పెట్టుకుంది. వచ్చే మ్యాచ్‌కి రాదలచిన యువత పది రోజుల ముందు రెండు ఫొటోలతో దరఖాస్తు పెట్టుకోవాలని తీర్మానించాం. ఫారాలు నా దగ్గరున్నాయి. బుధవారం పదకొండింటికి ఇస్తాను.